పసుపు ఏడు

"ఈ ఫొటో చూడు. నవ్వొస్తుందో, రోత పుడుతుందో చెప్పు," అన్నాడు కర్నల్ వీగాండ్.

పశ్చిమ బెర్లిన్ గూఢచారి ఎకార్ట్ ఫొటో అందుకున్నాడు. అడవిలో కూలిన మెసర్‌ష్మిట్ యుద్ధవిమానం. దాని పక్కభాగం మీద పెద్ద పసుపు 7 అంకె. తోక దగ్గర రెండు రంగుల పట్టీ.

"ఎవరిదట సార్?"

"రాడార్ నిపుణుడు డాక్టర్ బ్రేమె కొడుకు యోహెన్‌ది. నలభైమూడులో రష్యా మీద మాయమయ్యాడు. విమానం దొరికింది, కొడుకు బతికే ఉన్నాడు, వచ్చి చూసుకోమని తూర్పువాళ్ళ కబురు. నమ్మకానికి అంకె ఉన్న రేకు కోసి పంపారు. ముసలాయన ఈ మధ్యాహ్నం రైలెక్కుతున్నాడు. వెళ్తే తిరిగి రానివ్వరు."

"పట్టుకుని ఆపండి."

"కొడుకును చూడబోవడం ఏ చట్టం కింద నేరం? ఆయనంతట ఆయన దిగాలి. తోడుగా మన గెర్లిండ్‌ను పెట్టాను. కోడ్ తెలుసుగా?"

సరిహద్దు దాటే రైల్లో ఎకార్ట్ టికెట్లు చూసే ఉద్యోగి వేషంలో ఎక్కాడు. డాక్టర్ ఒళ్ళో గుడ్డ చుట్టిన రేకు. పక్కన గెర్లిండ్, నక్కతోలు కోటులో, పెట్టె అంతా పరిమళం.

"ఈ ఏడు చెర్రీలు పులుపమ్మా," అన్నాడు ఎకార్ట్. జామ్ చేసుకోమని ఆమె జవాబివ్వాలి.

"నీ పని నువ్వు చూసుకో," అంది ఆమె, కిటికీలోకి చూస్తూ.

తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ ఇక్కడా, తూర్పువాళ్ళ దగ్గరా, రెండు చోట్లా జీతం తింటోంది.

ఎకార్ట్ కర్నల్ ఇచ్చిన ఫొటో బయటికి తీసి డాక్టర్ ముందు పెట్టాడు. "అయ్యా, రష్యా మీద ఎగిరిన విమానాలకు పసుపు పట్టీ ఒక్కటే ఉండేది. ఇలాంటి రెండు రంగుల పట్టీలు వచ్చింది నలభైఐదులో. నలభైమూడులో కూలినదానికి ఎవరు వెళ్ళి వేశారు?"

"వీడి మాట వినకండి డాక్టర్ గారూ! తాగి ఉన్నాడు!"

"నువ్వు ఊరుకో అమ్మా," అన్నాడు డాక్టర్. రేకును దగ్గరికి లాక్కున్నాడు. "పసుపు ఏడు... మా వాడిదే బాబూ."

రైలు ఆగింది. పశ్చిమాన ఇదే ఆఖరి స్టేషనని మైకు అరిచింది.

ఎకార్ట్ జేబులోంచి ఫౌంటెన్ పెన్ను తీశాడు. అందులో ఉన్నది సిరా కాదు, రంగు కరిగించే మందు. రేకు మీది గుడ్డ తప్పించి, అంకె మీద ఒంపి రుమాలుతో తుడిచాడు. పసుపు ఏడు వెన్నలా కరిగిపోయింది. అడుగున పాత తెల్లరంగులో మూడంకెల నంబరు తేలింది.

"శిక్షణ పాఠశాల నంబరు. ఈ విమానం పిల్లలకు ఎగరడం నేర్పింది తప్ప యుద్ధం మొహం చూడలేదు. చచ్చినవాళ్ళను ఎరవేసి బతికే ఈ వెధవలకు విమానాల గుర్తుల పుస్తకం ఒకటి తిరగేసే ఓపిక కూడా లేదు."

గెర్లిండ్ డాక్టర్ చెయ్యి పట్టుకుంది. "మీ అబ్బాయి ఎదురుచూస్తున్నాడు!"

"వాణ్ణి చూశావా నువ్వు?" అన్నాడు డాక్టర్. "చెప్పు, వాడి కళ్ళు ఏ రంగు?"

ఆమె ఆ చెయ్యి ఇంకా గట్టిగా పట్టి, కూర్చోమని లాగింది.

డాక్టర్ చెయ్యి విడిపించుకుని, రేకు చంకన పెట్టుకుని లేచాడు. మూసుకుంటున్న తలుపుకు ఎకార్ట్ భుజం అడ్డుపెట్టాడు. ఇద్దరూ ప్లాట్‌ఫారం మీద పడ్డారు. నక్కతోలు కోటు ఒంటరిగా తూర్పుకు వెళ్ళిపోయింది.

డాక్టర్ బెంచీ మీద కూలబడ్డాడు. "వాళ్ళు అబద్ధమాడైనా వాణ్ణి బతికించారు. నువ్వు మళ్ళీ చంపావు."

ఎకార్ట్ టోపీ తీసి నిలబడ్డాడు. కాసేపటికి స్టేషను ఫోన్ దగ్గరికి నడిచాడు.

"శభాష్!" అన్నాడు కర్నల్. "ముసలాయన థాంక్స్ చెప్పాడా?"

"లేదు సార్. ఆ దొంగరేకు సాక్ష్యానికి కావాలంటే, అది కూడా ఇవ్వనంటున్నాడు."