ఇరవై రెండు కార్ల మీద ఒక చెయ్యి

ప్రయోగం మొదలైన తొమ్మిదో రోజు ఉదయం ఐదున్నరకి వరహాలమ్మ తన కుడి చేతిని ఎడమ చేత్తో మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తి, నల్ల కారు బానెట్ మీద బోర్లా పెట్టింది. వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. డాక్టర్ నళిని వాటిని ఒక్కొక్కటిగా విప్పి, అరచెయ్యి మొత్తం బానెట్‌కి ఆనేలా సర్దింది.

"చల్లగా తగులుతోందా?"

"ఏటీ తగల్లేదమ్మా. సెక్కముక్క పెట్టినట్టే ఉన్నాది."

"కళ్ళు మూసుకోండి. మీరేమీ చెయ్యొద్దు. అదే చేస్తుంది."

సముద్రం వైపు నుంచి తేమగాలి పార్కింగ్‌లోకి వచ్చింది. ఊపిరి తగిలిన అద్దంలా బానెట్ మసకబారింది. ఆ మసకలో ఏదో కదిలింది. వరహాలమ్మ చెయ్యి జానెడు దూరం జరిగి, ఆగి, వెనక్కి తిరిగింది. దాన్ని ఎవరూ తొయ్యలేదు. తనంతట తాను కదిలే శక్తి ఆ చేతికి పోయి ఏడు నెలలయింది.

పక్కనే నిలబడ్డ ఆమె భర్త గవరయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్ అతను. దొంగలకి భయపడడు. దీనికి భయపడ్డాడు.

విశాఖపట్నంలో కారు కొన్నవాడికి మొదటి శత్రువు సముద్రం. తెల్లారేసరికి పెయింట్ మీద ఉప్పు పేరుకుంటుంది. మామూలు వ్యాక్స్ వేస్తే ఆ మెరుపు నెల తిరక్కుండా పోతుంది. సీలెంట్ ఎక్కువకాలం ఉంటుంది గానీ రోజూ తుడవాల్సిందే. సిరామిక్ కోటింగ్ గట్టిదే, కాకపోతే నల్ల కారును ఒక్కసారి మురికి గుడ్డతో తుడిస్తే చాలు, ఎండలో సాలెగూడులాంటి గీతలు బయటపడతాయి. సాగరదీప్ అనే ఆ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో, నివాసుల సంఘం సమావేశం పెట్టిన ప్రతిసారీ ఏ పాలిష్ మంచిదన్న చర్చ లిఫ్ట్ మరమ్మతు చర్చ కంటే ఎక్కువసేపు నడిచేది. 'నిత్య' పాలిష్ వచ్చాక ఆ చర్చ ఆగిపోయింది.

నిత్యను కనిపెట్టింది డాక్టర్ నళిని. అది పని చేసే తీరు చెప్పడం తేలికే. అందులో కంటికి కనిపించనంత సన్నటి పాలిమర్ పోగులు ఉంటాయి. అవి తేమ తగిలితే ఉబ్బుతాయి, ఆరితే ముడుచుకుంటాయి. ఒక చెయ్యి ఒకే దారిలో మళ్ళీ మళ్ళీ నడిస్తే పోగులకి ఆ దారి అలవాటవుతుంది. ముందు కారును కడగాలి. క్లే బార్ అనే బంకమట్టి ముద్దతో రుద్ది ఉప్పు మరకలు వదిలించాలి. పాలిష్‌ని చుక్కలుగా పెట్టి స్పాంజితో పల్చగా పూసి, మసకబారాక మెత్తటి గుడ్డతో తీసెయ్యాలి. ఆ తర్వాత నలభై రోజుల పాటు తెల్లవారి ఒకే తీరుగా ఒకే మనిషి తుడవాలి. నలభై ఒకటో రోజు నుంచి మనిషి అక్కర్లేదు. తెల్లవారి తేమకి పోగులు లేచి, ఆ చెయ్యి నడిచిన దారిలోనే అలలా నడుస్తాయి. దుమ్మూ ఉప్పూ అంచుల మీంచి జారి కింద పడతాయి.

యజమాని తన చేత్తో తానే నేర్పాలని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. సాగరదీప్‌లో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఐదున్నరకి లేచే యజమాని అక్కడ ఒక్కరూ లేరు. ఇరవై రెండు కార్లకీ నేర్పింది వరహాలమ్మే. పదకొండేళ్ళుగా ఆ కార్లు తుడుస్తున్నది ఆమే. నలభై ఒకటో రోజున సంఘం సెక్రటరీ పట్నాయక్ ఆమెను పిలిచి, ఇక రానక్కర్లేదని చెప్పాడు.

"నీ చేతికి రిటైర్మెంట్ ఇచ్చేశాం వరహాలూ," అని నవ్వాడు.

మూడు నెలల తర్వాత ఆమెకి పక్షవాతం వచ్చింది. కాలూ మాటా తిరిగి వచ్చాయి. కుడి చెయ్యి రాలేదు.

అప్పట్నించి ఆమె రోజూ తెల్లవారి లిఫ్ట్ పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చునేది. ఐదున్నరకి ఇరవై రెండు కార్ల మీదా ఒకేసారి చప్పుడు మొదలయ్యేది, తడి గుడ్డ అద్దం మీద జరిగినట్టు. పార్కింగ్‌లో మనిషి ఉండడు. చప్పుడు మాత్రం బానెట్ నుంచి డోర్లకి, డోర్ల నుంచి డిక్కీకి వెళ్ళేది. అదంతా అయ్యేదాకా ఆమె కదిలేది కాదు. ఇది చూడలేక గవరయ్య పాలిష్ డబ్బా మీదున్న నంబరుకి ఫోన్ చేశాడు. పదిసార్లు చేశాక నళిని వచ్చింది.

"అది నా సెయ్యేనమ్మా," అంది వరహాలమ్మ, నల్ల కారు వైపు చూపిస్తూ. "వైపర్ల కాడికెల్లి ఓపాలి ఆగుతాది, సూడండి. అక్కడ నాను మోసెయ్యి తిప్పుకుంతాను. ఇంకెవులూ అలగ తుడవరు. ఇరవై రెండు కార్ల మీద తిరుగుతన్నాది, నాకాడ మాత్రం లేదు. నా సెయ్యి నాకిచ్చీండి."

"అది చెయ్యి కాదు వరహాలమ్మా. చెయ్యి నడిచిన దారి, అంతే."

"దారి ఉన్నాది కదా. సెయ్యిని ఆ దారమ్మటే తోలుకొచ్చీలేరేటి?"

నళిని మాట మార్చడానికి, మళ్ళీ పనిలో చేరాలని ఉందా అని అడిగింది.

"పనికేటమ్మా. నాను అన్నం కలుపుకోవాల." వరహాలమ్మ స్టూలు మీద కొంచెం ముందుకి జరిగింది. "మా ఆడబడుసు కూతురి పెళ్ళికెల్లాను. బంతిలో కూకోబెట్టారు. ఎడం సెయ్యి ఇస్తరాకులో ఎట్టానో లేదో, పక్కనున్న ముసల్ది తన ఇస్తరాకు తీసుకుని అవతల బంతిలోకి పోనాది. ఆ రోజు కాణ్ణించి నలుగురిలో తిన్లేదు. ఈ మావే తలుపేసి తినిపిస్తాడు. ఆ ముద్దలు సూడాల మీరు. కిరికెట్టు బంతులు."

"సిన్నది ఎడితే సాల్లేదంటాది. పెద్దది ఎడితే బంతంటాది," అన్నాడు గవరయ్య నళినితో, న్యాయం చెప్పమన్నట్టు.

నళిని వారం రోజులు ఆలోచించింది. పక్షవాతంలో చెడిపోయేది చెయ్యి కాదు, మెదడు నుంచి చేతికి వెళ్ళే దారి. ఆ చేతిని పాత దారిలో రోజూ నడిపిస్తే మెదడు దాన్ని మళ్ళీ కనుక్కోవచ్చు. ఒక్క పూత పాలిష్ దుమ్మును కదిలించగలదు గానీ చేతిని కదిలించలేదు. ఏడు పూతలు వేస్తే కదిలించగలదు. పాత పొర నేర్చుకున్నది కొత్త పొరలకి వారంలో ఎక్కుతుంది.

ఒకే ఒక్క ప్రమాదం ఉంది. అది ఆమె గవరయ్యకి ముందే చెప్పింది.

"పొర మీద ఏ చెయ్యి రోజూ నడిస్తే పొర దాన్నే నేర్చుకుంటుంది. పడిపోయిన చెయ్యి అయినా సరే. ఈమె చెయ్యి పొర దగ్గర నేర్చుకుంటూ ఉంటుంది, పొర ఈమె చెయ్యి దగ్గర నేర్చుకుంటూ ఉంటుంది. ఎవరు ముందు నేర్చుకుంటారో నాకు తెలీదు."

నల్ల కారు విషయంలో పొరే ముందు నేర్చుకుంది. పదహారో రోజున కారు యజమాని పట్నాయక్ కిందికి దిగి బానెట్ చూశాడు. ఒక పక్క అద్దంలా ఉంది. రెండో పక్క తెల్లగా ఉప్పు. మర్నాడు అలారం పెట్టుకుని ఐదున్నరకి వచ్చాడు. అల బానెట్ మధ్యదాకా వచ్చి వణికి, ఈడ్చుకుంటూ పక్కకి ఒరిగి ఆగిపోవడం కళ్ళారా చూశాడు.

"నా బండికి పక్షవాతం అంటించారేంటి మేడం?"

"అంటించాను. ఇంకో కారు కావాలి," అంది నళిని.

ఆ రాత్రి సంఘం సమావేశం గట్టిగా జరిగింది. ఇది ఎక్కడి అన్యాయమని కొందరు, పాపం ఆడమనిషని కొందరు. పరిశోధన ముగిశాక ఇరవై రెండు కార్లకీ కొత్త పాలిష్ ఉచితంగా వేయిస్తానని నళిని కాగితం మీద రాసిచ్చాక అందరికీ ఒకేసారి దయ కలిగింది.

ఒక్కో కారు పది రోజుల చొప్పున నిలిచింది. ఒకటి మరిచిపోగానే వరహాలమ్మ పక్క కారు దగ్గరికి జరిగేది. మూడో కారు మీద అరచేతికి చల్లదనం తెలిసింది. ఏడో కారు మీద చిటికెన వేలు దానంతటది చాచుకుంది. పన్నెండో కారు మీద ఏమీ జరగలేదు. పదమూడో దాని మీదా జరగలేదు. వెనక వదిలేసిన కార్లు మాత్రం రోజూ ఐదున్నరకి లేచేవి. అన్ని కార్ల మీదా ఒకే అవిటి చెయ్యి పాకి, సగంలో ఒరిగిపోయేది. ఆ చప్పుడుకి భయపడి రెండో అంతస్తువాళ్ళు పొద్దున్న నడకకి వెళ్ళడం మానేశారు. పిల్లల్ని ఆరు దాటేదాకా లిఫ్ట్‌లో కిందికి పంపేవాళ్ళు కాదు.

చివరికి ఒక్క కారు మిగిలింది. మూడో అంతస్తులో ఉండే సుభాషిణి టీచర్ తెల్ల కారు.

"ఇది కూడా పోతే?" అని అడిగాడు గవరయ్య.

"ఆ దారి ఇంకెక్కడా లేదు," అంది నళిని.

వరహాలమ్మ చేతిని ఎత్తి బానెట్ మీద పెట్టింది.

ఏడు రోజులు గడిచాయి. ఎనిమిదో రోజున అల బానెట్ మధ్యలో వణికింది. నళినికి అర్థమైంది. ఈ కారూ మరిచిపోతోంది. తొమ్మిదో రోజున అల నాలుగు వేళ్ళ దూరం వచ్చి నిలిచిపోయింది. అల కదలికను కొలిచే నళిని సెన్సర్ తెర మీద గీత అడ్డంగా, చదునుగా పడుకుంది. పొర ఆగిపోయింది.

చెయ్యి ఆగలేదు.

అది వైపర్ల దాకా వెళ్ళి, మోచెయ్యి తిప్పుకుని, వెనక్కి తిరిగింది. బానెట్ అంతా తుడిచి డోరు మీదికి వచ్చింది. దానితోపాటు వరహాలమ్మ కారు చుట్టూ నడిచింది. ఏడుస్తూ నడిచింది, నవ్వుతూ నడిచింది. గవరయ్య "ఒలే, ఒలే" అనడం తప్ప ఇంకేమీ అనలేకపోయాడు. కారు మొత్తం అయ్యాక చెయ్యి పక్కకి వాలింది. వేళ్ళు ముడుచుకోలేదు.

గవరయ్య గదిలోకి పరుగెత్తి స్టీలు పళ్ళెంలో అన్నం, బెండకాయ పులుసు వేసుకొచ్చాడు. పార్కింగ్ మధ్యలోనే, అందరికీ కనిపించేలా, స్టూలు మీద పెట్టాడు. సుభాషిణి టీచర్, ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డారు.

"తినే. అందరూ సూస్తారు, తిను."

వరహాలమ్మ కుడి చేతిని పళ్ళెంలో పెట్టింది.

వేళ్ళు దగ్గరికి రాలేదు. అరచెయ్యి చదునుగా అన్నం మీద పరుచుకుంది. అంచు దగ్గర మొదలుపెట్టి, గుండ్రంగా తిరిగి, కాసేపు ఆగి, వెనక్కి వచ్చింది. మెతుకులు అంచు దాటి నేల మీద పడ్డాయి. పులుసు స్టూలు మీంచి కారింది. ఆమె ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుని లాగింది, రాలేదు. గవరయ్య పట్టుకున్నాడు, అతనికీ లొంగలేదు. పళ్ళెంలో ఒక్క మెతుకు లేకుండా అయ్యాక, స్టీలు తళతళలాడాక, చెయ్యి దానంతటదే ఆగింది.

టీచర్ వెనకున్నవాళ్ళు లిఫ్ట్ బటన్ నొక్కారు.

పొర దగ్గర ఉన్నదంతా తుడవడమే. కారు మీద లేనప్పుడు ఆ చెయ్యి ఏం చేసేదో పొరకి ఎన్నడూ తెలీదు. ఈ సంగతి చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. డాక్టరేట్ ఉన్న నళినికి ఏడు నెలలు పట్టింది.

మర్నాడు ఆమె కొత్త ఆలోచనతో వచ్చింది. "ఒక పళ్ళేనికి పాలిష్ పూస్తాను. ఎవరైనా నలభై రోజులు అందులో తినాలి. తినడం పొర నేర్చుకుంటుంది, దాని దగ్గర మీ చెయ్యి నేర్చుకుంటుంది."

"ఎవుల సెయ్యి?" అని అడిగింది వరహాలమ్మ.

"ఎవరిదైనా. నాది కావచ్చు."

"మీరు సెంచాతో తింతారు కదమ్మా, నాను సూసాను."

"నాది తీసుకోండి," అని గవరయ్య చెయ్యి చాచాడు.

వరహాలమ్మ ఆ చేతిని చూసింది. తన చేతిని చూసుకుంది. అది ఒళ్ళో పడి ఉంది, ఆమెకి సంబంధం లేనట్టు.

"ఒద్దమ్మా. ఇప్పుడున్నదే నాదో కాదో తెల్దు. దీని మీద ఇంకొకలి సెయ్యి ఏటి సేసుకోను?"

నళిని మాట తప్పలేదు. ఇరవై రెండు కార్లకీ కొత్త పాలిష్ వేయించింది. కొత్త పాలిష్‌కి నేర్పే చెయ్యి కావాలి. పట్నాయకే స్వయంగా గవరయ్య గదికి వచ్చి వరహాలమ్మను పిలిచాడు. నళిని తెర మీద అంత కచ్చితమైన చెయ్యి అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు. ఒక రోజుకీ ఇంకో రోజుకీ వెంట్రుకవాసి తేడా లేదు. పొరలకి నలభై రోజులు పట్టలేదు. పదకొండు రోజుల్లో నేర్చేసుకున్నాయి. పన్నెండో రోజున పట్నాయక్ ఇక చాలన్నాడు.

వరహాలమ్మ మానేసింది. చెయ్యి మానలేదు.

ఇప్పటికీ ఐదున్నరకి అది లేస్తుంది. దగ్గర్లో ఏది ఉంటే దాని మీద వాలుతుంది. చాప, గోడ, మడత పెట్టిన దుప్పటి. ఎక్కువ రోజులు అది గవరయ్య వీపు. మెడ దగ్గర మొదలై, భుజం దాకా వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం నిలిచి, వెనక్కి వస్తుంది. అతను కదలడు. గోడ అవతల పార్కింగ్‌లో సరిగ్గా అదే సమయానికి ఇరవై రెండు కార్ల మీద అదే చప్పుడు నడుస్తూ ఉంటుంది.

చాలాసేపటికి, "అయిందేటే?" అని అడుగుతాడు.

"నాకేటి తెల్సు," అంటుంది వరహాలమ్మ, కళ్ళు తెరవకుండా. "దాన్నడుగు."