పన్నెండో నంబరు ఫ్యాను

గోదావరి ఒడ్డున, మంథని వైపు, మూతబడ్డ బొగ్గు గని ఒకటుంది. అక్కడి కెమెరాలు, తాళాలు నడిపే కంప్యూటర్లుండే నెట్‌వర్క్ గది మాటెత్తితే కాలనీలో మీసం మెలేసేవాళ్లు కూడా మాట మారుస్తారు. రెండేళ్ల కింద సిద్దిరాములు అనే ఆపరేటరు రాత్రి డ్యూటీకి లోపలికి పోయాడు... పొద్దున తలుపు తెరిచేసరికి శవం. గుండె ఆగిందన్నారు. అప్పట్నించి ఆ తలుపు ఆయనే బిగిస్తున్నాడని పుకారు.

ఇట్లాంటి మాటలంటే నాకు ఒళ్లు మంట. కానీ ఇది జమున నాతో స్వయంగా చెప్పింది.

జమున కాంట్రాక్టు టెక్నీషియన్. కెమెరాలు ఆగిపోయాయంటే ఓ సాయంత్రం అక్కడికి పోయింది. వాచ్‌మన్ వెంకటి గేటు దగ్గరే ఆగాడు.

"నేన్ రాను బిడ్డా... గా తలుపు దానంతటదే పడ్తది," అన్నాడు గుసగుసగా.

"పడితే నువ్వే వచ్చి తియ్యి కాకా," అని నవ్వి లోపలికి నడిచింది.

కిటికీ లేని గది. ఉడికిపోతోంది. కంప్యూటర్లో 'ఫ్యాన్ ఆన్' కొట్టింది.

టక్...

ఫ్యాను కదల్లేదు. వెనక తలుపు బిగుసుకుంది.

లాగింది, గుద్దింది, అరిచింది. గేటు చాలా దూరం. ఫోను సిగ్నల్ లేదు. ఊపిరి బరువెక్కుతోంది. గాలి కావాలి — మళ్లీ 'ఫ్యాన్ ఆన్'. మళ్లీ టక్...

"సిద్దిరాములన్నా... నన్నిడిసిపెట్టే," అంది ఏడుస్తూ. పై ప్రాణాలు పైనే పోయాయని చెప్పింది నాతో.

రూటర్లో పేర్ల పట్టీ తెరిచింది. ఏ పేరు కొడితే ఆజ్ఞ ఏ నంబరుకు పోవాలో అందులో చేత్తో టైపు చేసి పెడతారు. ఫ్యాన్ ఎదురుగా పన్నెండు.

అప్పుడు తట్టింది. ఇదివరకు ఈ గదికే పనికి వచ్చినప్పుడు, కొత్త ఫ్యానుకు వేరే నంబరు పెట్టి, ఖాళీ అయిన పన్నెండును తలుపుకు బిగించిన కొత్త కరెంటు తాళానికి ఇచ్చింది తనే. పట్టీలో మాత్రం మార్చలేదు. బస్సుకు టైమైంది, రేపు చూద్దాంలే అనుకుంది. ఆ రేపు రాలేదు.

అంటే ఫ్యాను ఆన్ చేస్తే తాళం పడుతుంది. తీయాలంటే... ఊపిరాడని గదిలో ఫ్యాను ఆపాలి. కళ్లు మూసుకుని 'ఫ్యాన్ ఆఫ్' కొట్టింది.

తలుపు తెరుచుకుంది.

గాలి పీల్చుకున్నాక, ఎందుకో వెనక్కి వచ్చి కంప్యూటర్లో కొట్టిన ఆజ్ఞల పాత రికార్డు తీసింది. సిద్దిరాములు చివరి రాత్రి. 'ఫ్యాన్ ఆన్' — ముప్పై ఒక్కసారి. ఒక్కసారి కూడా 'ఆఫ్' లేదు. తారీఖు చూసింది. తను ఆ కొత్త తాళం బిగించి బస్సెక్కిన రోజే.

గేటు దగ్గర వెంకటి బీడీ పారేసి లేచాడు.

"ఏంది బిడ్డా గట్లున్నవ్... తలుపు బిగిస్తున్నది సిద్దిరాములేనా?"

"కాదు కాకా," అంది జమున. "నేనే."