నాలుగు సెకన్ల ఆమోదం

షావుకారు చేతిలో మొదట ఉన్నవి: ఏసీ మెకానిక్ వేషం, అంటించుకున్న మీసం, ఒక ల్యాప్‌టాప్, ఇరవై రెండు నిమిషాలు. శాఖ ఇచ్చిన పెన్ కెమెరాని లెక్కలోకి తీసుకోలేదు. అది ఫొటో తీయదు, రాయనూ రాయదు.

గూఢచారి శాఖలో అందరూ అతన్ని షావుకారనే పిలుస్తారు. ప్రాణం మీదికొచ్చినా బేరం మానని మనిషి.

బ్రీఫింగ్ లిఫ్టులోనే అయిపోయింది.

"సరిగ్గా పదకొండుకి మన ఇన్‌ఫార్మర్ల లిస్టు విదేశీ ముఠాకి వెళ్లిపోతుంది. పందొమ్మిది పేర్లు. మన కంప్యూటర్ స్టోరేజీ రూమ్ నుంచే," అన్నాడు డైరెక్టర్, పొట్టమీద టై సర్దుకుంటూ.

అందులో ఒక పేరు షావుకారు బావది. సరిహద్దు అవతల గడియారాలు బాగుచేసుకుంటూ కూర్చున్న అక్క మొగుడు.

"ఆ డేటా పెట్టెల వైర్లన్నీ పీకేస్తే సరి," అన్నాడు షావుకారు.

"పన్నెండు పెట్టెలయ్యా! సరిహద్దు పోస్టులన్నీ వాటిమీదే నడుస్తాయి. దేనికి కన్నం పడిందో లోపలివాళ్లకి అనుమానం రాకుండా కనుక్కో. ఆ గదిలో మన మేడమ్ ఉంది. పైకి ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకోసం పనిచేస్తోంది. వజ్రం!"

వజ్రం కిటికీ లేని గదిలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది.

"ఏసీ కారుతోందా?" కోడ్‌వర్డ్ విసిరాడు.

"కారదు, కన్నీరు పెడుతుంది," అని నవ్వింది. "అన్నీ చూశాను మెకానిక్ గారూ. అంతా సవ్యంగానే ఉంది."

అక్కడ పెట్టెల సెట్టింగులు ఎవరూ చేత్తో మార్చరు. ఏ పెట్టె ఎవరికి తెరుచుకోవాలో ఒక కోడ్ ఫైల్లో రాసి ఉంటుంది. ఒకరు ఫైలు మారుస్తారు, డైరెక్టర్ చదివి ఆమోదిస్తాడు. ఆ వెంటనే టూల్ దానంతటదే పెట్టెల్ని సర్దేస్తుంది.

షావుకారు సరిపోల్చి చూశాడు. ఫైలుకీ పెట్టెలకీ తేడా సున్నా.

"చెప్పాగా," అంది మేడమ్.

తేడా లేదంటే దొంగతనం ఫైల్లోనే రాసి ఉండాలి. మార్పుల చరిత్ర తిరగేశాడు. తొమ్మిది రోజుల కిందటిది: 'అనవసరపు ఖాళీలు తీసేశాను.' నలభై వరుసలు. ముప్పై తొమ్మిదింటిలో నిజంగా ఖాళీలే. మిగిలిన ఒక్కటీ, పదకొండుకి ఏడో పెట్టెలోని లిస్టుని బయటి చిరునామాకి కాపీ చెయ్యమంటోంది. రాసింది మేడమ్. నాలుగు సెకన్లలో ఆమోదించింది డైరెక్టర్.

షావుకారు ఆ వరుస కొట్టేసి, ఆమోదానికి పంపి, అప్పుడు తలెత్తాడు.

పిస్తోలు అతని నుదుటికే గురిపెట్టి ఉంది.

"మీ శాఖని కొనక్కర్లేదు నాయనా. ఓపిగ్గా ఫారం నింపితే చాలు," అంది మేడమ్.

ఫోన్ మోగింది. డైరెక్టర్.

"స్పీకర్‌లో పెట్టు. అంతా బాగుందని చెప్పు."

"ఏమయ్యా, ఏదో మార్పు పంపావు? ఇవాళ జాగ్రత్తగా ఉండాలి కదా, చదువుతున్నా."

పన్నెండేళ్లుగా ఏదీ చదవని మనిషి, బావ ప్రాణం మీదికొచ్చాకే చదవాలా! పదకొండుకి ఇంకా పది సెకన్లే ఉన్నాయి.

"ఖాళీలు తీశానంతే సార్."

"ఓ, అంతేనా? మరి చెప్పవేం!"

టిక్. ఆమోదం పడింది.

ఆ ఖాళీల ఎత్తు తనదేనని మేడమ్‌కి అప్పుడు వెలిగింది. స్క్రీన్ వైపు తిరిగింది. పదకొండుకి ఒక్క సెకను ముందు ఏడో పెట్టె మూసుకుంది. షావుకారు ల్యాప్‌టాప్‌తో ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చాడు.

ఆఖరికి తేలిన లెక్క: పందొమ్మిది ప్రాణాలు దక్కాయి. మేడమ్ జైలు వ్యాన్ ఎక్కింది. అప్రమత్తతకి డైరెక్టర్‌కి ప్రశంసాపత్రం వచ్చింది. ఇకమీదట ప్రతి మార్పునీ ఇద్దరు డైరెక్టర్లు ఆమోదించాలని శాఖ కొత్త రూలు పెట్టింది. అంటే చదవనివాళ్లు ఒకరికి ఇద్దరయ్యారు.