ఏరియేటర్లు ఆగకూడదు

"చంపేయండి," అన్నాడు చీఫ్ నరేంద్రబాబు, కొట్టుకెళ్లి టీ పొడి తెమ్మన్నంత తేలిగ్గా.

ఏజెంట్ హరినాథ్ లాప్‌టాప్ వైపు చూశాడు. ఇరవై రోజుల నాటి సీసీ ఫుటేజీ. సముద్రం ఒడ్డున రాడార్ టవర్. ఆరున్నర అడుగుల మనిషొకడు దాని ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని విరగబడి నవ్వాడు. నవ్వడం పూర్తయ్యాక ఒంటి చేత్తో టవర్‌ని వంచేశాడు. పైన పని చేస్తున్న ఇద్దరు టెక్నీషియన్లు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు.

"ఆ నవ్వెందుకు సార్?"

"ట్రైనింగ్. కోడ్ నేమ్ మహాంతక్. ల్యాబ్‌లో తయారుచేసిన మనిషి. పుట్టి ఎనిమిది నెలలైంది. విదేశీ ముఠా వాడికి ఏడు వందల సినిమాల్లో విలన్ సీన్లు చూపించి పెంచింది. నవ్వకుండా పని మొదలుపెట్టకూడదని వాడి నమ్మకం. గుండె పక్కన పల్స్ యూనిట్ ఉంది. ఈరోజు పదకొండు గంటలకు అది పేలితే, మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ మాడిపోతుంది. రాడార్లు, ఫోన్లు, ఆసుపత్రుల్లో ఆక్సిజన్ మెషిన్లు. అన్నీ! ఆ సందులో వాళ్ల ఆయుధాల ఓడ ఒడ్డుకొస్తుంది. వాడి గుండె ఆగితే యూనిట్ కూడా ఆగుతుంది. అందుకని చంపేయండి."

"ఎనిమిది నెలలవాణ్ని."

"ఆరున్నర అడుగులవాణ్ని," అన్నాడు చీఫ్ చిరాగ్గా.

హరినాథ్ మనవరాలు వెన్నెలకీ ఎనిమిది నెలలే. నిన్ననే బోర్లా పడి, మళ్లీ వెల్లకిలా తిరగడం రాక ఏడ్చింది. ఆ ముక్క ఈ లాడ్జి రూములో చెప్పి ఏం లాభం? ఇరవై రెండేళ్ల సర్వీసులో చీఫ్ ఒక్కసారైనా తన మాట విన్న పాపాన పోలేదు. ఆఫీసు ఇచ్చిన పరికరం ఒక్కటైనా సరిగ్గా పనిచేయలేదు. పోయినసారి కెమెరా పెన్ను జేబులోనే కారింది. ఈసారి కుడి బూటు మడమలో విషపు సూది పెట్టారు. చేతికి కెమెరా వాచీ. బెల్టులో ట్రాన్స్‌మిటర్. మూతికి అంటించుకోడానికి మీసం. రొయ్యల మేత కంపెనీ ప్రతినిధి వేషం.

"తోటపల్లి గూడూరు సెంటర్లో మన డబుల్ ఏజెంట్ ఉషారాణి కలుస్తుంది. కోడ్ వర్డ్ 'రొయ్యకు లేదా బారెడు మీసం?' దానికి జవాబు 'ఉంటే సరా?'"

హరినాథ్ తల పట్టుకున్నాడు. "సార్, రొయ్యల చెరువులున్న చోట ఆ సామెత అనని మనిషుంటాడా?"

"హెడ్డాఫీసు అప్రూవ్ చేసింది," అని చీఫ్ లాప్‌టాప్ మూసేశాడు.

తొమ్మిదిన్నరకి తోటపల్లి గూడూరు టీ కొట్టు దగ్గర హరినాథ్ గొంతు తగ్గించి కోడ్ వర్డ్ చెప్పాడు. ఐస్ లారీ డ్రైవరు "ఉంటే సరా!" అన్నాడు. టీ కొట్టాయన అన్నాడు. పక్కన పేపరు చదువుతున్న రిటైర్డ్ మాస్టారైతే అనడమే కాకుండా ఆ సామెత ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో పది నిమిషాలు పాఠం చెప్పాడు. ఉన్న గంటన్నరలో పది నిమిషాలు అలా గంగలో కలిశాయి.

తెల్ల కారు అద్దం దిగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు, చేపల వాసనను కూడా మింగేసే సెంటు. ఉషారాణి నవ్వు ఆపుకోలేకపోతోంది.

"మీరేనని మీసం చూడగానే తెలిసింది. ఒక పక్క ఊడుతోంది. వాడు వెంకటశేషమ్మ గారి చెరువు మీద కాపలా ఉన్నాడు. వంద రోజుల క్రితం ముఠానే పెట్టించింది. చెరువు కాపలావాణ్ని ఎవరు పట్టించుకుంటారు?"

"ఇంతకీ మీరెవరి వైపు?"

"ఈ నెల మీ వైపే," అంది. కారు కదిలింది.

సముద్రానికి ఆనుకుని ఉన్న ఆ చెరువు గట్టు దగ్గర హరినాథ్‌కి వెంకటశేషమ్మ అడ్డం నిలబడింది. అరవై దాటిన మనిషి. భుజాన విసురు వల, చేతిలో మగ్గు.

"యాడికి నాయనా అట్టా దూసకపోతుండావు? బూట్లు ఇప్పు. ఆ పర్మాంగనేట్ నీళ్లల్లో కాళ్లు ముంచి అప్పుడు ఎక్కు."

"అర్జెంటు పెద్దమ్మా, బూట్లతో..."

"వైరసు నీ అర్జెంటు చూస్తదా? పోయినేడు ఎవుడో బూట్లతో ఎక్కినాడు, మూడెకరాలు తుడిచిపెట్టుకు పొయినాయి. ఇప్పుతావా, ఎనక్కి పోతావా?"

విషపు సూదితో సహా బూట్లు గట్టు కిందే ఉండిపోయాయి. హరినాథ్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఊదారంగు పాదాలతో, పిల్లినైనా బెదిరించలేని ఖాళీ చేతులతో, ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన మనిషి దగ్గరికి నడిచాడు. టైము పదీ ఇరవై.

చెరువు మధ్య నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. వాటి హోరుని మించి ఒక నవ్వు వినపడింది.

"హ హ హ హ! చెక్ ట్రేలో ఒక్క మేత గింజ కూడా మిగల్లేదు! మొత్తం తినేసినాయి!" మహాంతక్ తాడు కట్టిన ట్రే పైకి లాగి, దాంట్లో ఎగురుతున్న నాలుగు రొయ్యలను హరినాథ్‌కి చూపించాడు. "చూడన్నా, పేగు నిండుగా ఉండాది. రేప్పొద్దున పట్టుబడి, వలేసి అన్నీ పట్టేస్తాం. ఒక్కొక్కటి ఎంత ఉండాదో చూడు!"

"ఆ పిల్లోడి పేరు నాకు నోరు తిరగలేదు నాయనా," అంది వెనకే వచ్చిన వెంకటశేషమ్మ. "చిన్నపోలయ్యా అని పిలుస్తుండా. నిద్దర లేదు, తిండి లేదు. ఆమధ్య ఒక్క పూట కనపళ్లేదు గానీ, ఎప్పుడు చూసినా చెరువు మీదనే. మేత చల్లేముందు కూడా నవ్వుతాడు, అదొక్కటే రోగం."

హరినాథ్ గొంతు సవరించుకున్నాడు. సూది లేదు కాబట్టి మాటలే దిక్కు. దేశం అన్నాడు, ద్రోహం అన్నాడు, సరిహద్దు అన్నాడు. చిన్నపోలయ్య శ్రద్ధగా విని, "డైలాగు బాగుండాదన్నా. హీరో క్లైమాక్సులో చెప్పేదే గదా? దాని తరవాత నేను నవ్వాల," అని నవ్వాడు కూడా. హరినాథ్‌కి ఒళ్లు మండిపోయింది. రాతికి చెప్పినా ఈపాటికి కరిగేది! అరగంట గొంతు చించుకుంటే మిగిలింది దగ్గు.

పదకొండుకి రెండు నిమిషాలుండగా ఉషారాణి వచ్చింది. పర్మాంగనేట్ తొట్టి దాటి, చెప్పులతోనే టకటకా గట్టెక్కేసింది.

"మేడమ్! కాళ్లు!" చిన్నపోలయ్య కంగారుగా అరిచాడు. "కాళ్లు ముంచలేదు మేడమ్!"

ఆమె అతన్ని చూడనైనా చూడలేదు. బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తిప్పితే లోపల ఎర్ర బటన్ ఉంది.

"సారీ హరినాథ్ గారూ. పొద్దున చెప్పలేదు గానీ, ఆ నెల మొన్ననే అయిపోయింది," అంటూ నొక్కింది.

చిన్నపోలయ్య చొక్కా కింద ఎర్ర దీపం, దాంట్లో అంకెలు వెలిగాయి. అరవై. యాభై తొమ్మిది.

"భయపడకు మహాంతక్," అంది ఉషారాణి. "నీలోంచి వెలుగొస్తుంది, లోకం బాగుపడుతుంది. చెప్పాను కదా?"

హరినాథ్‌కి దేశం గుర్తు రాలేదు. నోటికొచ్చింది అరిచాడు. "ఏం వెలుగురా! కరెంటు మాడిపోతుంది! ఆసుపత్రిలో ఆక్సిజన్ ఆగిపోతుంది!"

"ఆక్సిజనంటే?"

"గాలి! ఊపిరాడనివాళ్లకి మెషిన్‌తో ఇచ్చే గాలి!"

చిన్నపోలయ్య ముఖంలో నవ్వు మాయమైంది. తిరుగుతున్న చక్రాల వైపు చూశాడు. "మనుషులకి గూడా ఏరియేటర్లు ఉంటాయా?"

"ఉంటాయి! నువ్వు పేలితే అవీ ఆగుతాయి, ఇవీ ఆగుతాయి!"

"ఇవి ఆగితే అరగంటలో రొయ్యలన్నీ పైకి తేలతాయి. నోళ్లు తెరుచుకోని..." ఉషారాణి వైపు తిరిగాడు. "మేడమ్, నిజమా?"

"ముష్టి రొయ్యల కోసం ఏడుస్తావేంటి? నువ్వు విలన్‌వి!"

"టవర్ వంచినప్పుడు కేకలు వినపడితే, పైన ఎవురూ లేరన్నారు. అదీ అబద్ధమేనా?"

ఉషారాణి కారు వైపు పరిగెత్తింది. వెంకటశేషమ్మకి పల్సూ తెలియదు, ముఠా తెలియదు. చెప్పులతో గట్టెక్కిన మనిషి పారిపోతోందని మాత్రం తెలుసు. భుజం మీది విసురు వల గుండ్రంగా విసిరింది. పట్టుచీర, కళ్లద్దాలు, సెంటు, అన్నీ కలిసి గట్టు మీద దబ్బున పడ్డాయి.

ముప్పై ఒకటి. ముప్పై.

"అన్నా, దీన్ని ఆపేదెట్టా?"

"నీ గుండె ఆగాలి," అన్నాడు హరినాథ్.

చిన్నపోలయ్య చుట్టూ చూశాడు. మోటారు షెడ్డు పక్కన ఉప్పూ బొగ్గూ వేసి పాతిన ఎర్త్ రాడ్ కనిపించింది. మోటారులో షాకొస్తే అది భూమిలోకి పోతుందని వెంకటశేషమ్మ మొదటి రోజే నేర్పింది. గడ్డిపోచ పీకినట్టు దాన్ని పీకాడు.

"ఈడ వద్దు. చెరువుకి షాక్ కొడతది," అంటూ సముద్రం వైపు ఉరికాడు. ఈసారి నవ్వలేదు.

హరినాథ్ వెనకే పడ్డాడు. సరుగుడు తోపు దాటేసరికి ఊపిరి అందడం లేదు. అల వచ్చి వెళ్లిన తడి ఇసుకలో చిన్నపోలయ్య రాడ్‌ని మనిషిలోతు దించి, రెండు చేతులా పట్టుకుని, ఛాతీ ఆనించాడు. మూడు. రెండు. ఒకటి.

నీలం మంట ఒకటి రాడ్ మీదుగా ఇసుకలోకి దిగిపోయింది. ఎగిరిపడ్డ హరినాథ్ లేచి చూసుకుంటే వాచీ ఆగింది, ఫోను ఆగింది, బెల్టులో ట్రాన్స్‌మిటర్ పొగలు కక్కింది. ఆఫీసు పరికరాలన్నీ మొదటిసారి కలిసికట్టుగా ఒకే పని చేశాయి. వెనక దూరంగా ఏరియేటర్ల హోరు మాత్రం వినిపిస్తూనే ఉంది.

"ఒరేయ్! చిన్నపోలయ్యా!"

ఇసుకలో పడున్న మనిషి కళ్లు తెరిచాడు. ఛాతీ మీద దీపం లేదు. చెయ్యెత్తబోతే లేవలేదు.

"బలం పోయిందన్నా. కడుపులో ఏదో పీకతా ఉండాది."

"ఆకలిరా నాయనా," అన్నాడు హరినాథ్. కళ్లు తుడుచుకోబోయి ఊడిన మీసాన్ని కూడా తుడిచేశాడు.

ఎలాగో గట్టుకి చేరాక, వెంకటశేషమ్మ గిన్నె నిండా పులుసన్నం కలిపి పెట్టింది. "వంద రోజులు రొయ్యలకి పూటపూటా పెట్టినావు, ఒక ముద్ద నువ్వు తిన్న పాపాన పోలా," అని తిడుతూనే ఉంది. రెండు ముద్దలు మింగి చిన్నపోలయ్య ఆగాడు.

"టవర్ మీద ఉన్నోళ్లు బతికుండారా అన్నా?"

"బతికే ఉన్నారు. ఒకాయన కాలు విరిగింది, ఇంకొకాయన నడుం."

అతను గిన్నె పక్కన పెట్టాడు. "రేపు పట్టుబడి అయినాక నన్ను ఆడికి తీసకపో. ఏమన్నా అననీ. వాళ్లు లేచి తిరిగేదాకా ఆడనే ఉండి చాకిరీ చేస్తా. తరవాత జైలంటే జైలే."

"సరే," అన్నాడు హరినాథ్. ఇరవై రెండేళ్లలో చీఫ్‌ని అడక్కుండా ఇచ్చిన మొదటి మాట అది.

షెడ్డులో వెంకటశేషమ్మ ఫోను అడిగి నంబరు కొట్టాడు. కిటికీలోంచి గట్టు మీద వలలో తిట్లు లంకించుకున్న ఉషారాణి కనిపిస్తోంది. ఆమె పక్కనుంచే, బరువు మోయలేక ఆయాసపడుతూ, చిన్నపోలయ్య బకెట్‌తో నడుస్తున్నాడు.

"టైము పదకొండున్నర! ఎక్కడ చచ్చారు మీరు?" చీఫ్ కేకలేశాడు. "బాడీ దొరికిందా లేదా?"

"దొరికింది సార్. మేత వేస్తోంది."