పుట్టని పిల్లాడి పేరు

బయట వాన దంచికొడుతోంది. అయినా మా వీధి తలుపు బార్లా తీసే ఉంది. అక్టోబరులో పునీత గెరాసిమోస్ పండగ రోజున మా కెఫలోనియా దీవిలో ఏ గెరాసిమోస్ ఇంటి తలుపూ మూసి ఉండదు. ఆ పేరున్న ప్రతివాడికీ అది పేరు పండగ. ఎవరినీ ప్రత్యేకంగా రమ్మనరు. వచ్చినవాళ్ళని ఎవరు మీరని అడగరు. కూర్చోబెట్టి తినిపించడమే పని.

మా నాన్న కూడా ఒక గెరాసిమోసే. కొత్త చొక్కా తొడుక్కుని, కుర్చీలో పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. గొడుగు గాలికి తిరగబడింది. జుట్టు తడిసి బుగ్గలకి అంటుకుంది. చేతిలో స్వీట్ల డబ్బా మాత్రం కోటు కింద పొడిగా దాచుకుంది.

"నిండు నూరేళ్ళు, గెరాసిమోస్ గారూ," అంది నాన్నతో, కాస్త తటపటాయిస్తూ.

"సంతోషం అమ్మాయ్. రా, కూర్చో," అన్నాడు నాన్న. అమ్మ వెంటనే మాంసం, బియ్యం కూరి కాల్చిన రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఆ అమ్మాయి వద్దనకుండా తిన్నది. అమ్మ ఇంకో ముక్క వేసింది. అదీ తిన్నది. నాకు ముచ్చటేసి పక్క కుర్చీలోకి జరిగాను.

"మా నాన్న మీకెలా తెలుసు?"

"తెలీదు," అంది మెల్లగా. "నాకు తెలిసిన గెరాసిమోస్ గారికి పెద్ద మీసాలుంటాయి. మా మందుల షాపులో షుగర్ మాత్రలు కొంటారు. పండగకి మీసాలు తీయించుకున్నారేమో అనుకున్నా, మొదట."

"మరి ఎప్పుడు తెలిసింది?"

"రెండో ముక్క తింటుంటే."

"చెప్పలేదేం?"

"మూడోది వస్తుందేమోనని."

నాకు నవ్వాగలేదు. "మీసాల గెరాసిమోస్ ఇల్లు పక్క సందులో. ఇక్కడికెలా వచ్చారు?"

"వంతెన దాటగానే గెరాసిమోస్ గారిల్లు అన్నారు."

"వంతెన దాటితే అన్నీ గెరాసిమోస్ ఇళ్ళే."

"దీవి మొత్తానికి ఒకటే పేరా? పేర్లకేమైనా కరువొచ్చిందా మీకు?"

"మా పునీతుడి పేరండీ. పైగా అర్థం చూడండి, గౌరవించదగినవాడు అని."

"అవునా. ఊరంతా గౌరవించదగినవాళ్ళే అయితే గౌరవించేదెవరు మరి?"

ఆ పిల్ల కళ్ళలోకి చూశాక ఉన్న ఒకటీ అరా తెలివి కూడా ఎటో పోయింది. ఒకే గొడుగు కింద పక్క సందు దాకా దిగబెట్టాను. రెండు నిమిషాల దారిని ఊరు చుట్టూ తిప్పి తీసుకెళ్ళాను. తనకి తెలిసే ఉంటుంది, అయినా నాతోపాటే నడిచింది.

పేరు ఎవాంథియా. ఊరు ఎక్కడో ఉత్తరాన ద్రామా. నా పేరు పనగీస్. మా ఊరు లిక్సూరికీ, నీళ్ళకి అవతలున్న అర్గొస్తోలికీ మధ్య తిరిగే ఫెర్రీలో పని చేస్తాను. ఆదివారాలు తను అర్గొస్తోలికి వెళ్ళడం మొదలుపెట్టింది.

"అక్కడ పనేంటి?" అని ఒకసారి అడిగాను.

"ఏం లేదు. కాఫీ తాగి వెనక్కొస్తా."

"లిక్సూరిలో కాఫీ లేదా?"

"లిక్సూరిలో కాఫీకి వెళ్ళాలంటే ఫెర్రీ ఎక్కక్కర్లేదు కదా, మొద్దూ."

మొద్దు అన్న మాట అంత తియ్యగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

చలికాలం గడిచేసరికి ఎవాంథియా మా ఇంటి మనిషైపోయింది. సాయంత్రాలు నాన్నతో తావ్లీ ఆడేది. పాచికలు గలగలలాడుతూనే ఉండేవి. నాన్న ఓడిపోయినప్పుడల్లా పాచికల్ని తిట్టేవాడు, తనని కాదు. నేను ఇంకా పెళ్ళి మాట ఎత్తకముందే ఆయన "ఏమ్మా కోడలా" అని పిలవడం మొదలుపెట్టాడు.

మే నెలలో పెళ్ళి ఖాయం చేసుకుని ఉంగరాలు మార్చుకున్నాం. ఆ భోజనాల దగ్గరే వచ్చింది తంటా.

నాన్న గ్లాసు పైకెత్తాడు. "వచ్చే ఏడు ఈపాటికి నా ఒళ్ళో చిన్న గెరాసిమోస్ ఉండాలి."

అందులో వింతేం లేదు. మొదటి మగపిల్లాడికి తండ్రి తండ్రి పేరు పెట్టడం మా పద్ధతి. మా తాత పనగీస్ కాబట్టి నేను పనగీస్. నా కొడుకు గెరాసిమోస్ అవుతాడని నేను పుట్టిన రోజే తేలిపోయింది.

ఎవాంథియా ఫోర్కు కింద పెట్టింది. "మావయ్యగారూ, మొదటివాడికి మా నాన్న పేరు పెట్టుకుంటాం."

"ఏం పేరు?"

"త్రియాంతాఫిలోస్."

"గులాబీ అనా? మగపిల్లాడికి?"

"మా నాన్న ఆరడుగుల మనిషి. జీవితమంతా బస్సు నడిపాడు. గులాబీ అని ఆయన్నెవరూ ఎగతాళి చేయలేదు." తను నాన్న కళ్ళలోకే చూస్తూ అంది. "ఆయనకి ముగ్గురం ఆడపిల్లలం. అక్కల పిల్లలకి వాళ్ళ మావగార్ల పేర్లు పెట్టారు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇక మిగిలింది నేనే."

"రెండోవాడికి పెట్టుకో. ఎవరు కాదన్నారు?"

"రెండోవాడు పుట్టకపోతే?"

"మొదటివాడికి నా పేరు కాకుండా ఇంకోటి పెడితే నేను ఊళ్ళో తలెత్తుకు తిరగాలా? కొడుకు కాదన్నాడు అనుకోరూ?"

"మీరు బతికున్నారు మావయ్యగారూ. మీ పేరు మీ దగ్గరే ఉంది."

తను నా వైపు తిరిగింది. "పనగీస్, నువ్వేమంటావ్?"

అటు నాన్న, ఇటు తను. "ముందు పిల్లాడు పుట్టనీ," అన్నాను.

అది జోకని నా ఉద్దేశం. ఎవరూ నవ్వలేదు. ఎవాంథియా ఉంగరం తీసి సలాడ్ గిన్నె పక్కన పెట్టి, అమ్మకి దండం పెట్టినంత మర్యాదగా చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆదివారాలు తను ఫెర్రీలో కనిపించలేదు. ద్రామాలో అక్క ఉద్యోగం చూసిందనీ, వెళ్ళిపోతోందనీ మీసాల గెరాసిమోస్ మోసుకొచ్చాడు కబురు. ఇంట్లో నాన్న నన్ను తావ్లీకి కూర్చోబెట్టాడు. వరసగా గెలిచాడు. గెలిచినకొద్దీ చిరాకు పడ్డాడు.

"నీకు ఓడిపోవడం కూడా సరిగ్గా రాదురా. ఆ పిల్లయితే ఓడినా పోట్లాడేది."

అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ తల ఎత్తకుండా అంది. "గెరాసిమోస్, మా నాన్న పేరేంటో చెప్పు."

నాన్న నోరు తెరిచాడు. గుర్తు రాక పాచికల్ని చేతిలో దొర్లించాడు. "స్తాథిస్," అన్నాడు చివరికి.

"ఈ ఇంట్లో ఆ పేరు వినపడి ఎన్నాళ్ళయిందో. నేనూ ఒక్కత్తినే కూతుర్ని. అప్పుడు నాకు అడగాలని తోచలేదు. ఆ పిల్లకి తోచింది, అంతే తేడా."

నాన్న బోర్డు మూసేశాడు.

మర్నాడు నేను మందుల షాపుకెళ్ళాను.

"ఏం కావాలి?" అంది ఎవాంథియా, కొత్త కస్టమర్‌ని అడిగినట్టు.

"నువ్వు కావాలి. నువ్వంటే నాకు ప్రాణం. ఆ రోజు నీ పక్కన నిలబడాల్సింది, నిలబడలేదు. పిల్లాడి పేరు త్రియాంతాఫిలోస్. మా నాన్నకీ అదే చెప్తా. కావాలంటే నీతో ద్రామా వచ్చేస్తా."

తన కళ్ళు నిండాయి. "నీ నోటి నుంచి ఈ మాట వినాలనే ఉండిపోయాను ఇన్నాళ్ళూ. కానీ మీ నాన్న మనసు విరిచి వద్దు పనగీస్. పిల్లాణ్ణి పిలిచినప్పుడల్లా ఆయన మొహం చూడలేను. ఆయనంటే నాకూ ఇష్టమే కదా, అదే వచ్చింది చిక్కు. శనివారం అర్గొస్తోలి వెళ్ళి టికెట్ కొనుక్కుంటున్నా."

ఇంటికొచ్చి ఆ మాటలన్నీ నాన్నకి చెప్పాను, ఒక్కటీ దాచకుండా. ఆయన కిటికీ లోంచి సముద్రాన్ని చూస్తూ అన్నీ విన్నాడు.

శనివారం మధ్యాహ్నం అర్గొస్తోలి నుంచి తిరుగు ఫెర్రీ ఎక్కింది ఎవాంథియా. చేతిలో బస్సు టికెట్. నేను చూస్తున్నానని తెలిసి కూడా నీళ్ళకేసే చూసింది. లిక్సూరి రేవులో తాళ్ళు కడుతూ తలెత్తితే, ఒడ్డున నాన్న. పండగ చొక్కా తొడుక్కుని ఉన్నాడు.

ఎవాంథియా దిగగానే ఎదురెళ్ళాడు. "అమ్మాయ్, ఒక్క నిమిషం ఇక్కడ నిలబడు."

తర్వాత రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని ఊరి వైపు తిరిగి కేకేశాడు. "ఒరేయ్ గెరాసిమోస్..."

కాఫీ హోటల్ బల్లల దగ్గర తలలన్నీ లేచాయి. "ఏంటీ?" అని ఒకడు, "ఎవరూ?" అని ఇంకొకడు. చేపల బండి ఆగింది. మేడ మీద బట్టలారేస్తున్నాయన తొంగి చూశాడు. సైకిలు మీద పోతున్న బడి పిల్లాడు వెనక్కి తిరిగాడు. మా ఫెర్రీ కెప్టెన్ కూడా పై నుంచి "నన్నేనా?" అన్నాడు.

"ఇప్పుడు నువ్వు పిలు," అన్నాడు నాన్న. "మీ నాన్న పేరు. గట్టిగా."

ఎవాంథియా ఊరి వైపు తిరిగింది. ఊపిరి పీల్చుకుని పిలిచింది. "త్రియాంతాఫిలోస్..."

ఒక్కరూ పలకలేదు. రేవుకి అలలు కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవాంథియా చేత్తో నోరు మూసుకుని ఏడ్చేసింది.

నాన్న దగ్గరికొచ్చి ఆమె తల నిమిరాడు. "నేను పిలిస్తే ఊరంతా పలికింది తల్లీ. నా పేరుకేం లోటు లేదు. ఆయన పేరుకి పలికేవాడు ఒకడుండాలి. వాణ్ణి మా ఇంట్లో కను. నా ఒళ్ళోనే పెట్టుకుని నేనే పిలుస్తా, గులాబీ అని."

తను నాన్న మెడ చుట్టూ చేతులు వేసి భుజం మీద తల పెట్టుకుంది. చేతిలో టికెట్ నలిగిపోయింది. తాళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి నేను పరుగెత్తుకెళ్ళాను. కెప్టెన్ తిడుతూనే ఉన్నాడు.

కాఫీ హోటల్ నుంచి గెరాసిమోస్‌లు ఒక్కొక్కరే వచ్చి మా చుట్టూ మూగారు. అందరికంటే ముందు మీసాల గెరాసిమోస్.

"ఏంటయ్యా, పిలిచి పలక్కుండా నిలబడ్డావ్?" అన్నాడు నాన్నతో. "ఎందుకు పిలిచినట్టు?"

నాన్న కళ్ళు తుడుచుకుని అందరినీ ఒకసారి కలియజూశాడు.

"పెళ్ళికి," అన్నాడు.