పెరిగిన మచ్చ

పొద్దున్నే దేవకి మామగారికి కాఫీలో చక్కెర దండిగా వేసి తెచ్చింది. తిరుమలయ్య ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఎవురికమ్మా ఈ పెండ్లి కాఫీ?"

దేవకి తల దించుకుంది. చెప్పే పని మొగుడికి వదిలింది.

"నాయినా, మోక్షితకు పొదటూరుపేట సంబంధం ఖాయం చేసినాము," అన్నాడు విజయ్. "వచ్చే వారమే తిరుత్తణి కొండమింద తాళి కట్టించేద్దాము."

"దాని చదువు ముగీలేదు గదరా. ఏం తొందర?"

విజయ్ చూపు అలమరలోని స్కాన్ కవరు మీదికి పోయింది.

తిరుమలయ్యకు అర్థమైంది. ఎండాకాలంలో తన లివర్‌లోని క్యాన్సర్ గడ్డను సూది దించి కాల్చారు. నిన్న తిరువళ్లూరులో మళ్లీ స్కాన్ తీశారు. ఇవాళ డాక్టరును కలవాలి. కొడుకు అంతవరకు ఆగలేదు. పాత ఫిల్మునూ కొత్త ఫిల్మునూ కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. మచ్చ పెరిగింది. ఇంట్లో చావు పడితే ఏడాదిదాకా పెండ్లి చేయకూడదు. అదీ తొందర.

"గొడ్డును కొనేవోడు గూడా పండ్లు సూసి మాట్లాడతాడు. నువ్వు ఫిల్ము సూసి కన్న నాయినకు దినాలు పెట్టేసినావు!"

"పెరిగింది నాయినా. కండ్లారా సూసినా."

మనవరాలు మోక్షిత గుమ్మంలో నిలబడి ఉంది. భుజాన కాలేజీ సంచి లేదు.

"నువ్వేమంటివే?"

"సరే అంటి తాతా."

తిరుమలయ్య మొహం తిప్పుకున్నాడు. తండ్రి గొర్రె, బిడ్డా గొర్రె.

"పదండి అందురూ. నా సావు డాక్టరు నోటనే యింటాను."

తిరువళ్లూరు ఆస్పత్రిలో డాక్టరు రెండు ఫిల్ములూ లైటు బోర్డు మీద పక్కపక్కన పెట్టాడు.

"అప్పుడు రంగుమందు ఎక్కించగానే గడ్డ మెరిసింది. రక్తం తాగుతూ ఉండింది. ఇప్పుడు ఎక్కడా మెరవలేదు. చుట్టూ ఉన్న కండ కొంచెం కలిపి కాల్చాం, అందుకే మచ్చ పెద్దదిగా ఉంది. అది కాలిన చోటు పెద్దాయనా. గడ్డ చచ్చింది. మూడు నెలలకు మళ్లీ చూద్దాం."

విజయ్ వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏడవబాక. పొదటూరుపేటకు ఫోన్ చెయ్. ముసిలోడు మాట తప్పినాడని చెప్పు."

బయటికొచ్చాక మనవరాలి మీద విరుచుకుపడ్డాడు. "నీకు నోరు లేదా? మెడ వంచితివే!"

"నా పెండ్లి సూడల్లని నీకు ఆశ గదా తాతా. సూడకుండానే పోతావని..."

ఈ బిడ్డనా తిరుమలయ్య గొర్రె అనుకున్నాడు? తువ్వాలుతో మొహం కప్పుకుని ఆస్పత్రి మెట్ల మీదే కూలబడ్డాడు. మోక్షిత పక్కన కూర్చుని ఆయన వీపు నిమిరింది.

మొహం తుడుచుకుని తువ్వాలు తీశాడు.

"నీ సంచి యాడ?"

"ఇంట్లో ఉండాది తాతా."

"రేపు అది నీ భుజాన లేకపోతే, నేనే మోసుకోని వస్తా నీ కాలేజీకి."