పదహారొందల అరవై ఏడు మెగాహెర్ట్జ్

"మీ షాపులోనే దొంగ ఉంది!" నాచారంలోని కంప్యూటర్ దుకాణం కౌంటర్ మీద సీపీయూ పెట్టి అరిచాడు తేజేష్. "పదహారొందల అరవై ఏడు మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ అన్నారు. ఆన్ చేయగానే పన్నెండొందల యాభై అని చూపిస్తోంది!"

దాన్ని బిగించింది సంతోషి. ఆడపిల్ల కంప్యూటర్లు బిగించడమేంటని నవ్వినవాళ్ళే అందరూ. ఇప్పుడు ఏకంగా దొంగే అయిపోయింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"మొన్న మీ ముంగటనే సరిజేసిన గద?"

"ఇక్కడ సరిగ్గానే చూపిస్తుందండీ. ఇంటికెళ్తేనే మళ్ళీ మొదటికొస్తుంది. ఏం మాయ చేస్తున్నారో!"

గిరాకీలంతా చూస్తున్నారు. యజమాని విశ్వనాథం కంగారుపడ్డాడు. "సారుకు సారీ చెప్పి వేరే ప్రాసెసర్ ఎయ్యి సంతోషీ. లేకుంటే రేపట్నుంచి రాకు."

"మోసం జెయ్యలే, సారీ చెప్ప. నౌకరీ పోతే పోనియ్యి. ముందుగాల ఈయన ఇంట్ల ఏమైతుందో సూస్త."

ఉప్పల్ దాకా ఆటోలో ఇద్దరి మధ్య సీపీయూ. వాన జల్లు కొడుతుంటే తేజేష్ తన రెయిన్‌కోటు తీసి దాని మీద కప్పాడు.

"డబ్బాకేనా?" అంది సంతోషి.

"దొంగలక్కూడా కప్పాలాండీ?"

ఇంట్లో ఆన్ చేస్తే పన్నెండొందల యాభై! తేజేష్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సంతోషి పంతంగా సెట్టింగ్ మార్చింది. పదహారొందల అరవై ఏడు వచ్చింది. ఆపేసి, మంచినీళ్ళు తాగి వచ్చేసరికి తేజేష్ తల్లి అన్నపూర్ణమ్మ ప్లగ్గు పీకి వైరు చుట్టేస్తోంది.

"ఉరుముతోంది కదమ్మా! రోజూ పడుకునే ముందు కూడా అన్నీ పీకేస్తాను."

సంతోషి మళ్ళీ ప్లగ్గు పెట్టింది. పన్నెండొందల యాభై. తేదీ కూడా మూడేళ్ళు వెనక్కిపోయింది.

"దొరికింది! లోపల చిన్న బ్యాటరీ ఖతమైంది. ప్లగ్గు పీకంగనే సెట్టింగులన్నీ మర్చిపోయి తక్కువ స్పీడుల నడుస్తుంది. ప్రాసెసర్ అసలుదే!"

తన సంచిలోంచి కొత్త బ్యాటరీ తీసి వేసి, సెట్టింగ్ సరిచేసి, అన్నపూర్ణమ్మ చేతే ప్లగ్గు పీకించింది. ఈసారి అంకె కదల్లేదు.

"బ్యాటరీ సూస్కోలే, గది నా తప్పు. గంతవరకే సారీ."

"నేనూ సారీ అండీ." తేజేష్ గొంతు బాగా తగ్గింది.

"గింత మెల్లగనా? దొంగ అని దుకాణంల అందరి ముంగట అన్నరు. ఆడనే చెప్పాలె."

మర్నాడు సంతోషి ఎవర్నీ అడక్కుండా వచ్చి తన కుర్చీలో కూర్చుంది. పదకొండింటికి తేజేష్ వచ్చి, దుకాణమంతా వినేలా అన్నాడు. "నిన్న నేను తప్పుగా మాట్లాడాను. సంతోషి గారి పనిలో మోసం లేదు. సారీ అండీ!"

విశ్వనాథం నేల చూపులు చూశాడు. తేజేష్ మాత్రం కదల్లేదు.

"ఇంకో మాట కూడా అందరి ముందే చెబుతున్నా. నిన్న నన్ను నిలదీసినప్పట్నుంచీ మీరంటే నాకు ఇష్టం."

సంతోషి తల దించలేదు.

"మా ఇల్లు దమ్మాయిగూడల. మా బాపు మస్తు కోపం మనిషి. ఆదివారం వచ్చి, ఆయన ముంగట గూడ గింతే గట్టిగ చెప్తరా?"

"చెప్తాను."

"అయితే నాక్కూడ ఇష్టమే," అంది సంతోషి, ఇన్నాళ్ళూ తనను చూసి నవ్వినవాళ్ళందరికీ వినబడేలా.